ఫైండర్‌లో స్పష్టం, నెగటివ్‌లో మసక: నా ట్విన్ లెన్స్ కెమెరా ఫోకస్ ఎలా కుదిరిందంటే

ఈ కెమెరాకు రెండు లెన్సులు: పైది ఫైండర్‌లో చూడటానికి, కిందది ఫిల్మ్ మీద ఫొటో తీయడానికి. ఫైండర్‌లో మనిషి కళ్లమీద ఫోకస్ పెడితే నెగటివ్‌లో వెనకున్న గోడ స్పష్టంగా వచ్చేది, 12 ఫ్రేములూ అంతే. ట్రైపాడ్, కొత్త 120 ఫిల్మ్, లెన్సు తుడవడం... ఏదీ పనిచేయలేదు.

చివరికి ఫైండర్ పైనున్న హుడ్ స్క్రూలు విప్పి చూస్తే గ్రౌండ్ గ్లాస్ (పై లెన్సు బొమ్మ పడే గరుకు గాజు పలక) తిరగబడి ఉంది. దాని గరుకువైపు కిందున్న అద్దం వైపు ఉండాలి, నాది పైకి ఉంది (ఎప్పుడో ఆ అద్దం తుడిచి గాజును తిరిగి బిగించింది నేనే, ఇంకెవర్ని అంటాం!). అంచులు పట్టుకుని తిప్పి పెట్టాను. తర్వాత వెనక తలుపు తీసి, ఫిల్మ్ ఆనే లోపలి పట్టాల మీద మసక టేపు బిగుతుగా అంటించి, షటర్‌ను బి (నొక్కి ఉంచినంతసేపూ తెరిచి ఉండే సెట్టింగ్) మీద కేబుల్‌తో తెరిచి ఉంచి, అపర్చర్ (లెన్సులో వెలుగు వచ్చే రంధ్రం) పూర్తిగా తెరిచి, చాలా దూరంలోని స్తంభం బొమ్మను భూతద్దంతో చూశాను. ఫోకస్ నాబ్ అనంతం దగ్గర ఉండగా పైన గ్రౌండ్ గ్లాస్ మీదా, కింద టేపు మీదా రెండు బొమ్మలూ ఒకేసారి స్పష్టంగా కనిపించాయి. ఒక మీటరు దూరంలోనూ సరిచూశాను, టేపు వదులైతే మాత్రం ఈ పరీక్ష మోసం చేస్తుంది.

మీ కెమెరాలోనూ ఇదే కారణమని చెప్పలేను. గ్లాస్ సరిగ్గానే ఉండి తేడా వస్తుంటే పై లెన్సు జరిగి ఉండొచ్చు, దాని జోలికి నేను వెళ్లలేదు.