ఈత కొట్టిన బండి కొన్నాక నేర్చుకున్నవి

2021 జనవరిలో నేను కొన్న మొదటి కారు ఎక్కితే గుప్పున మల్లెపూల వాసన వచ్చేది. డ్యాష్‌బోర్డు మీద ఒక సెంటు సీసా, డిక్కీలో ఇంకొకటి. పాత ఓనరు ఎంత శుభ్రమైన మనిషో అనుకున్నాను. ఏప్రిల్ వచ్చేసరికి ఎడమ పక్క అద్దం దానంతట అదే దిగడం మొదలైంది. ఆ తర్వాత ఏసీ బ్లోయర్ ఆగింది. ఒకరోజు బడి నుంచి వస్తుంటే కనగల్ దగ్గర బండే ఆగిపోయింది. తాడు కట్టి నల్గొండకు లాక్కొచ్చాం. మా మెకానిక్ భాయ్ ముందు సీటు విప్పి, కార్పెట్ ఎత్తి నన్ను పిలిచాడు. కింద రేకు మీద ఒండ్రు. ఎండాకాలం చెరువు అడుగు పగిలినట్టు పెచ్చులు పెచ్చులుగా ఉంది. "మేడమ్, మీ బండి ఈత కొట్టింది" అన్నాడు.

2020 అక్టోబర్ వరదల్లో హైదరాబాద్‌లో కాలనీలకు కాలనీలే నీళ్లలో ఉన్నాయి. ఆ కార్లలో కొన్ని ఎండబెట్టుకుని, పాలిష్ పట్టించుకుని మాలాంటి వాళ్ల వాకిట్లోకి వచ్చాయి. 3 లక్షల 10 వేలు పోసి కొన్న ఆ బండిని, మునిగిన బండి అని చెప్పి మరీ, లక్షా 40 వేలకు అమ్ముకున్నాను.

హాలియా వైపు ఒక ఊళ్లో హైస్కూల్లో లెక్కలు చెబుతాను. రానూపోనూ రోజుకు 70 కిలోమీటర్లు. కారు లేనిదే కుదరదు, కొత్తది కొనే స్తోమత లేదు. 2022లో మళ్లీ సెకండ్ హ్యాండే కొన్నాను. ఈసారి ఒకటే పట్టు పట్టాను: అమ్మేవాడి గుడ్డ చేరని చోటే చూడాలి. బానెట్, డోర్లు, డ్యాష్‌బోర్డు వాళ్లు తుడిచి పెడతారు, వాటిని చూసి లాభం లేదు.

సీటు బెల్టుతో మొదలుపెట్టండి. కొస దాకా, ఇక రాదు అన్నంత వరకు లాగండి. మునిగిన బండి అయితే ఆ చివరి జానెడు పట్టీ మీద మట్టి రంగు గీత కనబడుతుంది. సీట్లు కడుగుతారు, బెల్టును చుట్టలోంచి మొత్తం లాగి కడిగే ఓపిక చాలామందికి ఉండదు. తర్వాత స్టెప్నీ తీసి ఆ గుంటలో చెయ్యి పెట్టండి, సీటు పట్టాల బోల్టులకు తుప్పుందేమో సెల్‌ఫోన్ లైటు వేసి చూడండి. అద్దాలన్నీ మూసి పది నిమిషాలు లోపల కూర్చోండి. సెంటు వాసన మరీ ఘాటుగా ఉందంటే నాకు ఇప్పటికీ కడుపులో దేవినట్టు అవుతుంది.

బండి చూడటానికి వెళ్లే ముందు ఫోన్ చేసి "నేను వచ్చేదాకా బండి స్టార్ట్ చెయ్యకండి" అని చెప్పాలి. వెళ్లగానే చేసే మొదటి పని బానెట్ మీద అరచెయ్యి పెట్టడం. సూర్యాపేటలో ఒక బండి చూడటానికి డిసెంబర్‌లో పొద్దున ఏడింటికి వెళ్లాను. చెయ్యి పెడితే వెచ్చగా తగిలింది. అదేమిటంటే, "ఎండకు కాలింది మేడమ్" అన్నాడు. ఊరంతా మంచు. అక్కడే టీ తాగి వచ్చేశాను. చల్లటి ఇంజన్ స్టార్ట్ చేసినప్పుడే దాని రోగాలు బయటపడతాయి. నీలం పొగ వస్తే ఇంజన్ ఆయిల్ కాలుతోందని అర్థం. చలికి కాసేపు తెల్లటి ఆవిరి రావడం మామూలే. బండి వేడెక్కాక కూడా చిక్కగా తెల్లపొగ వస్తుంటే ఇంజన్‌ను చల్లబరిచే కూలెంట్ లోపలికి పోతోందేమోనని అనుమానించాలి. ఆయిల్ మూత తీసి వెనక్కి తిప్పి చూడండి, వెన్నలాంటిది అంటుకుని ఉంటే మెకానిక్ సరే అనేదాకా ముందుకు పోవద్దు.

ఇంకొకటి, ఇది మా జిల్లా సంగతి. నల్గొండ నీళ్ల గురించి అందరికీ ఫ్లోరైడే తెలుసు గానీ, ఈ బోరు నీళ్లు రోజూ కాచే గిన్నె అడుగున తెల్లటి పెచ్చు కడుతుంది. కూలెంట్‌కు డబ్బులు ఎందుకు దండగ అని రేడియేటర్‌లో బోరు నీళ్లు పోసేవాళ్లు ఉన్నారు. రేడియేటర్ గొట్టాల్లోనూ అదే పెచ్చు కడుతుంది. శీతాకాలమంతా బండి బాగానే ఉంటుంది, మే నెల ఎండలో ఏసీ వేసుకుని ట్రాఫిక్‌లో నిలబడితే ఇంజన్ కాగుతుంది. అందుకే చల్లగా ఉన్నప్పుడే, వేడి మీద మాత్రం వద్దు, రేడియేటర్ మూత తీయించి చూడండి. పచ్చగానో గులాబీగానో ఉంటే కూలెంట్. తుప్పు రంగు నీళ్లు, మూత చుట్టూ తెల్లటి పొడి ఉంటే బేరం ఆడే ముందు రేడియేటర్ ఖర్చు లెక్కలో వేసుకోండి. తర్వాత ఏసీ ఫుల్లుగా పెట్టి, బండిని నిలబెట్టి ఇరవై నిమిషాలు వదిలేసి టెంపరేచర్ ముల్లు కదులుతుందేమో చూడండి. అమ్మేవాళ్లకు విసుగొస్తుంది. రానివ్వండి.

మీటరు రీడింగును నేను పట్టించుకోను. దాన్ని వెనక్కి తిప్పడం పెద్ద విద్యేం కాదు. 40 వేలు తిరిగింది అన్న బండికి బ్రేక్ పెడల్ రబ్బరు అరిగి ఇనుము కనబడితే ఆ లెక్క తప్పు. టైరు పక్కన చిన్న గూట్లో నాలుగు అంకెలు ఉంటాయి, 2319 అంటే 2019లో 23వ వారంలో తయారైందని. 2018 బండికి 30 వేల లోపే తిరిగిందంటారు, నాలుగు టైర్లూ 2021వి. అంత తొందరగా టైర్లు ఎందుకు మార్చావు తమ్మీ అని అడిగితే సరిపోతుంది. అన్నిటికంటే కంపెనీ సర్వీస్ సెంటర్ రికార్డు మేలు. ఓనరును వెంటబెట్టుకుని వెళ్తే, ఏ తేదీన ఎన్ని కిలోమీటర్ల దగ్గర సర్వీసుకు వచ్చిందో అందులో కనబడుతుంది.

యాక్సిడెంట్ బండిని పట్టుకోవడానికి నాకు నచ్చిన ఉపాయం కారులో లేదు, ఇన్సూరెన్స్ కాగితంలో ఉంది. నో క్లెయిమ్ బోనస్ అని ఒక వరుస ఉంటుంది. క్లెయిమ్ లేకుండా గడిచిన ఏళ్లను బట్టి అది 20, 25, 35, 45, 50 శాతంగా పెరుగుతుంది, ఒక్క క్లెయిమ్ చేస్తే మళ్లీ సున్నా. ఐదేళ్లుగా ఒక్కడే నడిపిన బండి, గీత కూడా పడలేదు అంటాడు, కాగితంలో సున్నా ఉంటుంది. ఎందుకు సున్నా అయిందో అడగండి, ఆ జవాబు చెప్పేటప్పుడు మొహం చూడండి. ఆ బోనస్ అమ్మినవాళ్లదే, బండితో పాటు మనకు రాదు. బండి వైపు చూడాలంటే బానెట్, ఫెండర్ (ముందు చక్రం మీది రేకు) బోల్టుల తలలు చూడండి. పానా పట్టిన చోట పెయింట్ లేచి ఉంటే అవి విప్పి బిగించినవి.

డ్రైవింగ్ చూడటానికి బైపాస్ ఒక్కటే చాలదు, స్పీడ్ బ్రేకర్లున్న ఊరి దారి కావాలి. ఏసీ ఆపి, పాటలు ఆపి, అద్దాలు దింపి నడపండి. అమ్మేవాళ్లు సరిగ్గా అప్పుడే కబుర్లు మొదలుపెడతారు. నేను మా మరిదిని వెంట తీసుకెళ్లేదాన్ని. వాడికి డ్రైవింగ్ రాదు. అయినా ఇంజన్ గురించి ప్రతివాళ్లూ వాడికే చెప్పేవాళ్లు, నన్ను మాత్రం "మేడమ్‌కు కలర్ నచ్చిందా?" అని అడిగేవాళ్లు. అది కూడా మంచికే వచ్చింది. వాళ్లు వాడితో మాట్లాడుతుంటే నేను స్టెప్నీ గుంటలో చెయ్యి పెట్టేదాన్ని. నచ్చిన బండిని చివరగా షెడ్డులో మీ మెకానిక్‌కు చూపించండి. అమ్మేవాడి మెకానిక్‌కు కాదు. షెడ్డుకు రాను అనే బండి నాకు వద్దు.

కాగితాల్లో టెన్షన్ పెట్టేది ఫైనాన్స్. ఆర్సీలో బ్యాంకు పేరు ఉంటే, అప్పు తీరినట్టు బ్యాంకు ఇచ్చే ఎన్‌ఓసీ, ఆర్సీలోంచి బ్యాంకు పేరు తీయించడానికి సంతకం చేసిన 35వ ఫారం చేతికొచ్చేదాకా బయానా కూడా ఇవ్వకండి. ఛాసిస్ నంబరును ఆర్సీతో అంకె అంకె పోల్చండి. ఎంపరివాహన్ యాప్‌లో బండి నంబరు కొట్టి ఎన్నో ఓనరో, ఇన్సూరెన్స్ ఎప్పటిదాకా ఉందో చూసుకోండి. చలాన్లు పోలీసుల వెబ్‌సైట్‌లో కనబడతాయి. 2022 మార్చిలో కార్ల చలాన్లకు సగం రాయితీ ఇచ్చినప్పటి నుంచి, మళ్లీ ఇస్తారని కట్టకుండా కూర్చున్నవాళ్లు చాలామంది. వాటిని ధరలో తగ్గించుకోండి. ఢిల్లీ బండి చవకగా వస్తుంది, అక్కడ పాత డీజిల్, పెట్రోల్ బండ్ల మీద ఆంక్షలు ఉన్నాయి కాబట్టి. కానీ అక్కడి ఆర్టీఓ ఇచ్చే ఎన్‌ఓసీ, ఇక్కడ మళ్లీ లైఫ్ ట్యాక్స్, ఆ తిరుగుడు కలిపితే చవక మిగలదు.

అమ్మేవాళ్లు పేరు మార్పుకు వాడే 29, 30 ఫారాల మీద ఖాళీగానే సంతకాలు పెట్టిచ్చి "మీరే మెల్లగా చేయించుకోండి" అంటే ఒప్పుకోవద్దు. రాష్ట్రంలోని బండి అయితే అమ్మినవాళ్లు 14 రోజుల్లో, కొన్నవాళ్లు 30 రోజుల్లో ఆర్టీఏకు తెలపాలి. ఆర్సీలో పేరున్నవాళ్లే చట్టం దృష్టిలో ఓనరని, ప్రమాద పరిహారం భారం వాళ్లదేనని 2018లో సుప్రీంకోర్టు చెప్పింది. అమ్మేవాళ్లకు ఈ ముక్క చెబితే వాళ్లే మన వెంటపడి వస్తారు. ఇన్సూరెన్స్ కూడా 14 రోజుల్లో మన పేరు మీదికి మార్చుకోవాలి, లేకపోతే మన బండికి దెబ్బ తగిలినప్పుడు క్లెయిమ్ చిక్కుల్లో పడుతుంది.

చివరికి నేను కొన్నది నల్గొండలోనే, రిటైరైన ఒక బ్యాంకు ఉద్యోగి దగ్గర 2017 వ్యాగనార్, పెట్రోల్. ఆయన 3 లక్షల 75 వేలు అన్నారు, 3 లక్షల 45 వేలకు తెగింది. సర్వీసు బిల్లులన్నీ తేదీల ప్రకారం దారంతో కుట్టి పెట్టారు. బేరం సగం అక్కడే అయిపోయింది. టైర్లకు, బ్యాటరీకి, పేరు మార్పుకు ఇంకో 30 వేలు పక్కన పెట్టుకున్నాను, దాదాపు అంతా అయింది.

ఒక్కటే మరిచిపోయాను. అద్దం మీద ఆయన ఫాస్టాగ్ అలాగే ఉంది. రెండు వారాల తర్వాత హైదరాబాద్ వెళ్తూ పంతంగి టోల్‌గేట్ దాటానో లేదో ఫోన్ మోగింది.

"అమ్మా, హైదరాబాద్ పోతున్నవా? నా పైసలు కట్ అయినయి."

"అయ్యో సార్, ఇప్పుడే పంపిస్తా."

"పంపుదువుగానీ, 24 గంటలల్ల వాపస్ రా అమ్మా, రిటర్న్‌కు తక్కువ పడ్తది."