కౌన్సెలింగ్ దరఖాస్తుకు ముందు ఇంటి కంప్యూటర్‌లో చూసుకోవలసినవి

ఈఏపీసెట్ కౌన్సెలింగ్ దగ్గరపడుతున్నప్పుడు, ఒంగోలు, కందుకూరు, కావలి ప్రాంతాల్లో నెట్ సెంటర్‌కు వెళ్లకుండా ఇంట్లోనే దరఖాస్తు నింపదలచినవారు ముందుగా వీటిని సరిచూసుకోవాలి.

• సహాయం చేస్తామని ఫోన్ చేసిన అపరిచితుల మాట విని ఎనీడెస్క్ వంటి యాప్‌ను ఎక్కించుకోరాదు. అది చూపే అంకెలు చెప్పి అనుమతి నొక్కితే మన తెర, మౌస్ వారి అధీనంలోకి వెళతాయి. సొమ్ము పోయినట్లు తెలియగానే సైబర్ మోసాల సహాయ నంబరు 1930కు ఫోన్ చేయాలి, ఎందుకంటే ఆ సొమ్ము మరిన్ని ఖాతాలు మారకముందైతేనే ఆపించే అవకాశం ఎక్కువ.

• ఫీజు కట్టే సైటు చిరునామాను నోటిఫికేషన్‌లో చూసి స్వయంగా టైపు చేయాలి. వెతికినప్పుడు పైన కనిపించేది ప్రకటన కావచ్చు. చిరునామా పక్కన కనిపించే తాళం గుర్తు మోసపు సైట్లకూ ఉండవచ్చు.

• ధ్రువపత్రాలన్నీ విద్యార్థి పేరుతో ఒకే ఫోల్డర్‌లో ఉంచి, ప్రతి ఫైలుకూ అర్థమయ్యే పేరు పెట్టాలి. ‘స్కాన్001’ అన్న పేరు చూసి అది కుల ధ్రువపత్రమో, మార్కుల జాబితానో చివరి గంటలో ఎవరు చెప్పగలరు?

• దింపుకున్న ఫైలు కనిపించకపోతే బ్రౌజర్‌లో కంట్రోల్, జె మీటలు కలిపి నొక్కాలి. డౌన్‌లోడ్‌ల జాబితా తెరుచుకుంటుంది.

• షిఫ్ట్‌తో కలిపి డిలీట్ నొక్కవద్దు. అలా తీసేసిన ఫైలు రీసైకిల్ బిన్‌లోకి చేరదు.