బోన్సాయ్‌కి కొమ్మ అంటు కట్టేముందు మేకులు, స్క్రూల విషయంలో జాగ్రత్తలు

తొలకరి పడగానే జువ్వి, మర్రి, రావి బోన్సాయ్‌లు పెంచేవాళ్లలో చాలామంది కొమ్మ లేనిచోట కొమ్మ అంటు కట్టే పనిలో పడతారు. గాలిలో తేమ, చెట్టులో జోరు రెండూ ఉంటాయి కాబట్టి గాయం త్వరగా పూడుతుంది. కాండం మీద గాడి చెక్కి, అదే చెట్టు రెమ్మను తెంచకుండానే వంచి అందులో కూర్చోబెట్టి, కదలకుండా మేకో స్క్రూనో దించుతాం. కత్తి పదును గురించి, గాయానికి పూసే పేస్టు గురించి బోలెడు మాట్లాడుకుంటాం కానీ ఆ మేకు దేంతో చేసిందో పట్టించుకోం. అది నెలల తరబడి, ఒక్కోసారి ఏడాదికి పైగా, రోజూ తడుస్తూ చెట్టులోనే ఉంటుంది మరి.

మామూలు ఇనుప మేకులు వద్దు. వానల్లో తుప్పుపట్టి ఉబ్బుతాయి, తీయబోతే తల ఊడి చేతికొస్తుంది, మిగతాది లోపలే ఉండిపోతుంది. చింత, తుమ్మ లాంటి చెట్లలో టానిన్ అనే వగరు పదార్థం ఎక్కువ, దానికి ఇనుము తగిలితే చెక్క నల్లబడుతుంది. శ్రీకాళహస్తి కలంకారీలో కరక్కాయ పట్టించిన బట్ట మీద ఇనుము, బెల్లం ఊరిన నీళ్లతో గీస్తే నలుపు తేలేది ఈ పద్ధతిలోనే. బట్టకది అందం, కాండానికి మాత్రం పోని మరక. జింకు పూత మేకుల్ని కూడా నమ్మకండి, సుత్తి దెబ్బకి పూత బాగా లేచిపోతే కొన్నాళ్లకి అక్కడ తుప్పు మొదలవుతుంది.

రాగి మేకు దిగితే చెట్టు చచ్చిపోతుందని చాలామంది టెన్షన్ పడతారు. ఒక చిన్న మేకుకి చెట్టంతా చావదు. కానీ రాగి లవణాలు కణాలకు విషం, బూజు తెగుళ్లకు కాపర్ ఆక్సీక్లోరైడ్ కొట్టేది అందుకే, అలాంటిదాన్ని సరిగ్గా రెండు పచ్చి గాయాలు కలవాల్సిన చోట పెట్టడం నాకు అస్సలు ఇష్టం లేదు. ఇత్తడిలోనూ ఎక్కువ భాగం రాగే. బెరడు పైన చుట్టే రాగి తీగతో మాత్రం భయం లేదు.

మరి ఏది కొనాలి? 304 లేదా 316 రకం స్టెయిన్‌లెస్ స్టీల్ స్క్రూ, సన్నది. షాపులో అన్నీ తెల్లగా మెరుస్తూనే ఉంటాయి, అందుకే జేబులో చిన్న అయస్కాంతం పెట్టుకెళ్లండి. గట్టిగా అతుక్కుంటే పక్కన పెట్టేయండి, ఈ రెండు రకాలైతే అతుక్కోవు, లేదా కొద్దిగా లాగుతాయి అంతే. ఇంకా అనుమానముంటే ఒకదాన్ని ఉప్పునీళ్లలో రెండు రోజులు ఉంచి చూడండి. బట్టల షాపు గుండుసూదులు చాలావరకు పూత వేసిన ఉక్కువే, సన్నగా ఉన్నాయని వాటితో సరిపెట్టకండి.

మేకు కన్నా స్క్రూయే మేలంటాను. సుత్తితో కొట్టే ప్రతి దెబ్బకీ తొట్టిలో చెట్టు కదులుతుంది, సన్న వేర్లు తెగుతాయి, గాడిలో రెమ్మ కూడా జరుగుతుంది. ముందు స్క్రూ కన్నా సన్నటి డ్రిల్ బిట్‌తో రంధ్రం చేయండి, లేకపోతే లేత రెమ్మ నిలువునా చీలుతుంది. స్క్రూ రెమ్మ మధ్యలోంచి దిగాలి. అంచుల్లో బెరడు కింది పచ్చ పొరలు ఒకదానికొకటి తగిలేచోట లోహం పడకూడదు. తల కింద చిన్న రబ్బరు ముక్క పెట్టి, రెమ్మ నలగకుండా కదలిక ఆగేంత వరకే బిగించండి. స్క్రూనీ కత్తినీ ముందే స్పిరిట్‌తో తుడవండి. జువ్వి, మర్రి పాలు కంట్లో పడితే బాగా మండుతుంది, కళ్లద్దాలు పెట్టుకోండి.

తీయడానికి తొందర వద్దు. గాడి దాటాక బయటికొచ్చిన వైపు రెమ్మ, లోపలికెళ్లే వైపు కన్నా స్పష్టంగా లావెక్కితేనే అతుక్కుందని లెక్క. అప్పుడు తల్లి వైపు భాగాన్ని, అంటే రెమ్మ పుట్టిన చోటు నుంచి గాడి దాకా ఉన్నదాన్ని, ఒకేసారి కొట్టేయకుండా సగం వరకు కోసి, కొన్ని వారాలు ఆకులు వాడిపోకుండా ఉంటేనే మిగతాది కోయండి. స్క్రూ తిరగకపోతే బలవంతం చేయకండి. స్టెయిన్‌లెస్ కాబట్టి లోపలే వదిలేయొచ్చు, కాకపోతే ఎక్కడుందో రాసిపెట్టుకోండి, రేపు అక్కడ రంపం పెడితే పళ్లు విరుగుతాయి.