ఇంట్లో బీరు తయారీ: మొదటి 19 లీటర్లకు కావలసిన సామాను, పద్ధతి

ఇంట్లో బీరు తయారుచేయాలన్న సరదా పుట్టగానే చాలామంది చేసే మొదటి పని, నేనూ చేసిన పని, సామాను కొనడం. మెరిసే స్టీలు కెటిల్, రాగి గొట్టపు చుట్ట, అడుగున కుళాయి ఉన్న ట్యాంకు, ఇవన్నీ చూడడానికి ముచ్చటగానే ఉంటాయి గాని మొదటి బీరు రుచి వాటిని బట్టి ఉండదు. పాత్రలు ఎంత శుభ్రంగా ఉన్నాయి, పులిసే రోజుల్లో వేడి ఎంత అదుపులో ఉంది అన్న రెండు విషయాలే దాదాపు అంతా తేలుస్తాయి. అందుచేత అమెరికాలో ఉంటూ మొదటిసారి ప్రయత్నించబోయే తెలుగువారి కోసం రాస్తున్న ఈ వ్యాసంలో మిగతా సంగతులు త్వరగా చెప్పి, ఆ రెండింటి దగ్గర ఎక్కువసేపు ఆగుతాను.

ముందుగా చట్టం సంగతి. 1978లో అధ్యక్షుడు జిమ్మీ కార్టర్ సంతకం చేసిన చట్టం మరుసటి ఏడాది అమలులోకి వచ్చి, సొంత వాడకానికి ఇంట్లో తయారుచేసుకునే బీరుకు ఫెడరల్ పన్ను నుంచి మినహాయింపు ఇచ్చింది. ఒక్కరే పెద్దవారు ఉన్న ఇంటికి ఏడాదికి 100 గ్యాలన్లు, ఇద్దరో అంతకు మించో ఉంటే 200 గ్యాలన్లు దాని పరిమితి. రాష్ట్రాల చట్టాలు వేరుగా ఉంటాయి. అన్నిటికంటే ఆలస్యంగా 2013లో అలబామా, మిసిసిపీ రాష్ట్రాలు ఒప్పుకున్నాయి. ఈ బీరును అమ్మకూడదు. ఆంధ్రప్రదేశ్, తెలంగాణల్లో 1968 నాటి ఎక్సైజ్ చట్టం ప్రకారం లైసెన్సు లేకుండా మద్యం తయారుచేయడం నేరం కనుక, అక్కడ ఉన్నవారు దీన్ని చదువుకోవడానికి మాత్రమే వాడుకోవాలి. ఇక్కడ చెప్పేది పులియబెట్టడమే గాని బట్టీ పెట్టి సారా కాయడం కాదు. ఆ పనికి చట్టమూ వేరు, ప్రమాదాలూ వేరు.

తప్పనిసరిగా కావలసిన సామాను చిన్నదే. 19 నుంచి 20 లీటర్లు పట్టే స్టీలు గిన్నె ఒకటి, మూతకు రంధ్రం ఉన్న 25 లీటర్ల ఆహారపు ప్లాస్టిక్ బకెట్ ఒకటి, ఆ రంధ్రంలో బిగించి, లోపలి గ్యాసును బయటికి వదిలి బయటి గాలిని రానివ్వని ఎయిర్‌లాక్, థర్మామీటర్, ద్రవం ఎంత చిక్కగా ఉందో చూపే హైడ్రోమీటర్, దానికి తగిన పొడవాటి గొట్టం, బీరును ఒక పాత్ర నుంచి మరోదానిలోకి దింపే సైఫన్ గొట్టం, కింద కుళాయి ఉన్న రెండో బకెట్, సీసాలు నింపే సన్నని గొట్టం, మూతలు బిగించే పరికరం, కడగనవసరంలేని శానిటైజర్. విందులకు బిరియానీ వండే పెద్ద గిన్నె మన ఇళ్లలో ఎలాగూ ఉంటుంది కదా, అది సరిపోదా అని మా ఆవిడ అడిగింది. కొలత సరిపోతుంది గాని, నెయ్యి జిడ్డు కొద్దిగా మిగిలినా బీరు మీద నురుగు నిలవదు, మసాలా వాసన పోవడమూ కష్టమే. గిన్నె ఒకటి దీనికే విడిగా ఉంచుకోవడం మంచిది. హైడ్రోమీటరు మాత్రం రెండు కొనండి. పలుచని గాజుతో చేసిన ఆ వస్తువు బల్ల మీద నుంచి దొర్లడానికే పుట్టినట్లుంటుంది. నాది రెండోసారి వాడేటప్పటికే పగిలింది.

ఇప్పుడు శుభ్రత. ఇడ్లీ పిండి పులియబెట్టేటప్పుడు మనం ఏ సూక్ష్మజీవినీ కొని తేవడం లేదు. మినపప్పు మీద, గిన్నెలో, కలిపే చేతి మీద ఉన్నవాటికే పని అప్పగిస్తాం, కొందరైతే చేత్తో కలిపితేనే బాగా పులుస్తుందంటారు. తాటికల్లు కూడా అంతే, కుండలో పడిన గంటల్లోనే దానంతట అది పులుస్తుంది. బీరు దగ్గర ఈ అలవాటు పూర్తిగా వదులుకోవాలి. ఇక్కడ మనం ఎంచుకున్న ఒక్క ఈస్టుకే, అంటే తీపిని ఆల్కహాలుగా మార్చే సూక్ష్మజీవికే, ప్రవేశం. ఇడ్లీకి మేలు చేసే లాక్టిక్ బ్యాక్టీరియాయే బీరులోకి దూరితే పుల్లగా మార్చి పాడుచేస్తుంది.

కడగడం వేరు, శానిటైజ్ చేయడం వేరు. మొదట కంటికి కనిపించే మురికి అంతా పోయేలా గోరువెచ్చని నీటితో, వాసన లేని ఆక్సిజన్ క్లీనరుతో కడగాలి. ప్లాస్టిక్ బకెట్‌ను గరుకు పీచుతో తోమకూడదు, ఎందుకంటే పడిన గీతల్లో సూక్ష్మజీవులు దాగి ఎంత కడిగినా పోవు. ఆ తరువాత శానిటైజరు. స్టార్ శాన్ వంటిదైతే 19 లీటర్ల నీటికి 30 మిల్లీలీటర్లు కలపాలి; దాని నురుగు పాత్రలో మిగిలినా తుడవనక్కరలేదు, కుళాయి నీటితో మళ్లీ కడగడమే తప్పు. మరగడం అయిపోయాక బీరును తాకే ప్రతిదీ, అంటే గరిటె, ఎయిర్‌లాక్, ఈస్ట్ పొట్లం కత్తిరించే కత్తెర కూడా, ఇందులో మునగాలి. మరగకముందు వాడేవాటికి మామూలు శుభ్రత చాలు.

నీటి గురించి ఒక మాట. అమెరికాలో చాలా నగరాలు కుళాయి నీటిలో క్లోరమైన్ కలుపుతాయి. రాత్రంతా తెరిచి ఉంచితే క్లోరిన్ పోతుంది గాని ఇది పోదు. ఈస్టుతో, మాల్టుతో (మొలకెత్తించి ఆరబెట్టిన బార్లీ) కలిసి మందుల షాపు వాసన తెస్తుంది. 19 లీటర్లకు క్యాంప్‌డెన్ మాత్ర (సల్ఫైట్ మాత్ర) అర ముక్క నలిపి కలిపితే కొన్ని నిమిషాల్లో విరిగిపోతుంది.

మొదటిసారికి ధాన్యం నుంచి కాక, మాల్ట్ ఎక్స్‌ట్రాక్ట్ పొడితో, అంటే మాల్ట్ సారాన్ని ఆరబెట్టిన పొడితో, పేల్ ఏల్ అనే రకం బీరు చేయడం సులువు. లేత రంగు పొడి 2.7 కిలోలు, అంటే మూడేసి పౌండ్ల సంచులు రెండు, రంగుకూ రుచికీ వేసే దంచిన క్రిస్టల్ మాల్ట్ గింజలు 225 గ్రాములు, బీరుకు చేదూ వాసనా ఇచ్చే ఎండు పువ్వులైన హాప్స్ (కాస్కేడ్ రకం) 84 గ్రాములు, 11.5 గ్రాముల యూఎస్-05 ఈస్ట్ పొట్లం ఒకటి. ముందురోజే 9 లీటర్ల నీళ్లు మరిగించి, చల్లార్చి, శానిటైజ్ చేసిన మూతగిన్నెల్లో ఫ్రిజ్‌లో పెట్టుకోండి.

మర్నాడు గిన్నెలో 12 లీటర్ల నీళ్లు 68 డిగ్రీల సెల్సియస్‌కు వేడిచేసి, పలుచని గుడ్డసంచిలో క్రిస్టల్ మాల్ట్ మూటకట్టి అరగంట నానబెట్టి, సంచిని పిండకుండా తీసేయాలి. నీళ్లు మరిగాక పొయ్యి మీద నుంచి దించి, సగం మాల్ట్ పొడి వేసి కలపాలి. దించకుండా వేస్తే పొడి అడుగంటి, పాకం మాడిన వాసన చివరిదాకా వెంటాడుతుంది. మళ్లీ పొయ్యి మీద పెట్టాక పది నిమిషాలు కదలకూడదు. వర్ట్, అంటే ఇంకా పులియని ఈ మాల్ట్ ద్రవం, సరిగ్గా పాలు పొంగినట్లే పొంగుతుంది, పైగా పొంగినది స్టవ్ మీద తారులా అంటుకుంటుంది; మంట తగ్గించి, నురుగు మీద చల్లని నీళ్లు చిలకరిస్తే దిగుతుంది. పొంగు అణగాక 28 గ్రాముల హాప్స్ వేసి 60 నిమిషాల లెక్క మొదలుపెట్టండి. చేదు దీనివల్ల వస్తుంది. ఇంకా 10 నిమిషాలు ఉందనగా మిగిలిన మాల్ట్ పొడి, రెండో 28 గ్రాములు, మంట ఆపగానే చివరి 28 గ్రాములు వేయాలి, ఇవి వాసనకు. మరుగుతున్నంతసేపూ మూత పూర్తిగా పెట్టవద్దు, పిల్లలను వంటింట్లోకి రానివ్వవద్దు.

వెంటనే గిన్నెకు మూతపెట్టి, సింకులో ఐసు నీళ్లలో కూర్చోబెట్టి చల్లార్చాలి. టెక్సస్ వేసవిలో కుళాయి నీళ్లే వెచ్చగా వస్తాయి కనుక ఐసు కనీసం 8 కిలోలు దగ్గర పెట్టుకోవాలి. 30 డిగ్రీలకు దిగాక బకెట్‌లో పోసి, ఫ్రిజ్‌లోని నీటితో 19 లీటర్లకు నింపి, శానిటైజ్ చేసిన గరిటెతో బాగా చిలకాలి. ఈ దశలో ఈస్టుకు గాలి కావాలి. చిలకడానికి మరో కారణమూ ఉంది: చిక్కని వర్ట్ అడుగున, నీళ్లు పైన నిలిచిపోతే హైడ్రోమీటరు తప్పు చూపిస్తుంది. పొడవాటి గొట్టంలోకి కొంచెం తీసి, హైడ్రోమీటరును వేళ్లతో ఒకసారి తిప్పి వదిలితే అంటిన బుడగలు విడిపోతాయి. అది నిలకడకు వచ్చాక, గాజు అంచున పైకి ఎగబాకిన నీటి గీతను కాదు, మధ్యలోని మట్టాన్ని చదవాలి. సుమారు 1.055 ఉండాలి. చూసిన నమూనాను తిరిగి బకెట్‌లో పోయవద్దు, రుచి చూడండి. వర్ట్ 20 డిగ్రీల దగ్గరికి వచ్చాక ఈస్ట్ చల్లి, మూత బిగించి, ఎయిర్‌లాక్‌లో శానిటైజర్ పోసి చీకటిగా ఉన్నచోట పెట్టండి.

ఇక వేడి. పులిసేటప్పుడు ఈస్ట్ తానే వేడి పుట్టిస్తుంది కాబట్టి బకెట్ లోపల గదికంటే రెండు మూడు డిగ్రీలు ఎక్కువే ఉంటుంది. మొదటిసారి నేను బకెట్‌ను జూన్ నెలలో గరాజ్‌లో ఉంచి, రెండోరోజు ఎయిర్‌లాక్ జోరుగా బుడబుడలాడుతుంటే సంబరపడ్డాను. తీరా సీసా తెరిస్తే గోళ్లరంగు తుడిచే ద్రవం వాసన. ఒక గ్లాసుకే తలనొప్పి. వేడెక్కిన ఈస్ట్ హడావుడిగా పనిచేసి ఆ ఘాటైన పదార్థాలను వదులుతుంది, ఎన్ని నెలలు దాచినా అవి పోవు. మొదటి నాలుగు రోజులు బీరు 18 నుంచి 20 డిగ్రీల మధ్య ఉండాలి. దీనికి యంత్రాలు అక్కరలేదు. మంచినీళ్ల కుండకు తడిగుడ్డ చుట్టే పద్ధతే: పెద్ద ప్లాస్టిక్ తొట్టిలో నీళ్లు పోసి, అందులో బకెట్ కూర్చోబెట్టి, పాత బనియను తొడిగి దాని అంచు నీళ్లలో వేలాడేలా వదిలితే తడి పైకి పాకి ఆరుతూ చల్లబరుస్తుంది. చాలకపోతే గడ్డకట్టించిన నీళ్ల సీసాలు పొద్దున ఒకటి, రాత్రి ఒకటి తొట్టిలో వేయండి.

బుడగలు ఆగినంత మాత్రాన పులవడం పూర్తయినట్లు కాదు. రెండు వారాల తరువాత హైడ్రోమీటరుతో చూసి, మూడు రోజులు ఆగి మళ్లీ చూడాలి. రెండుసార్లూ ఒకే అంకె, 1.013కు అటూ ఇటూగా వస్తే అయిందని అర్థం. ఈస్ట్ చల్లకముందు చూసిన అంకెలోంచి ఇప్పటి అంకె తీసేసి 131తో గుణిస్తే ఆల్కహాల్ శాతం తెలుస్తుంది; ఇక్కడ సుమారు 5.5. అంకె ఇంకా తగ్గుతున్నప్పుడు సీసాల్లో నింపితే గ్యాసు పెరిగి సీసాలు పేలతాయి. ఇది అతిశయోక్తి కాదు, గాజు పెంకులు గోడల్లో గుచ్చుకునేంత బలంగా పేలతాయి.

నింపే రోజున 115 గ్రాముల మొక్కజొన్న చక్కెరను తూకం వేసి, చెంచాలతో కొలవకుండా, కప్పు నీటిలో మరిగించి చల్లార్చి కుళాయి బకెట్‌లో పోయాలి. దాని మీదికి సైఫన్‌తో బీరును, గొట్టం కొస అడుగున ఆనేలా పెట్టి, చప్పుడు కాకుండా దింపండి; ఇప్పుడు గాలి తగిలితే తడిసిన అట్టపెట్టె రుచి వస్తుంది. గోధుమరంగు సీసాలే వాడాలి, ఆకుపచ్చ, తెల్ల సీసాల్లో వెలుతురు సోకి హాప్స్ దుర్వాసన కొడతాయి. తిప్పి తీసే మూతల సీసాలకు మన మూత సరిగా బిగవదు. 355 మిల్లీలీటర్లవి సుమారు 50 నిండుతాయి. వీటిని మూత ఉన్న ప్లాస్టిక్ డబ్బాలో, 21 డిగ్రీల దగ్గర రెండు వారాలు ఉంచండి.

ఆ తరువాత ఒక సీసాను రెండురోజులు ఫ్రిజ్‌లో నిలబెట్టి, గ్లాసు వంచి ఒకే ధారగా పోసి, అడుగున వేలెడు మందం తేట కాని బీరు కనిపించగానే ఆపేయండి. అందులో ఉన్నది ఈస్ట్ మడ్డి.