పందెపు గుర్రప్పిల్ల పెంపకం: జత కలపడం నుంచి జీను వరకు

పందెపు గుర్రాన్ని పెంచదలచినవారు ముందుగా తల్లిని శ్రద్ధగా ఎంచుకోవాలి. తండ్రి పేరు చూసి మురిసిపోయి, తల్లి వంశాన్ని పట్టించుకోకపోవడం నా దృష్టిలో అన్నిటికన్నా ఖరీదైన పొరపాటు. 1973లో అమెరికన్ ట్రిపుల్ క్రౌన్ (మూడు పెద్ద పందేల వరుస) గెలిచి, చివరిదైన బెల్మాంట్ పందేన్ని 31 గుర్రాల నిడివి తేడాతో ముగించిన సెక్రటేరియట్‌నే తీసుకోండి. తండ్రి బోల్డ్ రూలర్ సంతానానికి వేగం ఉన్నా దూరపు పందేల్లో దమ్ము చాలదన్న అనుమానం ఉండేది. తల్లి సమ్‌థింగ్‌రాయల్, దూరానికి పేరుపడిన ప్రిన్స్‌క్విల్లో కూతురు కావడంతో ఆ లోటు పూడింది. సెక్రటేరియట్‌ను ఈనేనాటికి ఆ తల్లి వయసు 18 ఏళ్లు.

పందేలకు పెంచే జాతి అయిన థరోబ్రెడ్లలో కృత్రిమ గర్భధారణతో పుట్టిన పిల్లను వంశావళి పుస్తకంలో నమోదు చేయరు కనుక సహజంగానే దాటించాలి. ఎద సుమారు 21 రోజులకొకసారి వస్తుంది. దాటించిన రెండు వారాలకు స్కానింగ్ తప్పక చేయించి, కవలలుంటే పశువైద్యుడి చేత ఒకదాన్ని తొలగింపజేయాలి. గుర్రం కవలలను నిండుగా మోయడం చాలా అరుదు. చూలు దాదాపు 11 నెలలు.

పొదుగు నిండి, చన్నుల కొసల మీద మైనం వంటి బొట్లు కనబడితే రాత్రింబవళ్లు కాపలా ఉండాలి. ఉమ్మనీరు పోయిన అరగంటలో పిల్ల బయటపడాలి. ముందుగా కనిపించేది తెల్లని పొర అయితే భయం లేదు. ముఖమల్ లాంటి ఎర్రని సంచి కనిపిస్తే మాత్రం వైద్యుడి కోసం ఆగకుండా వెంటనే చించి పిల్లను బయటకు తీయాలి, లేకుంటే దానికి ఊపిరి అందదు. ఆ తర్వాత చేతులు కట్టుకుని చూడటమే కష్టమైన పని. పిల్ల ముందు కాళ్లు చాపి, పిరుదులెత్తి, ఒరిగి గడ్డిలో పడి, మళ్లీ లేస్తుంది. జాలిపడి ఎత్తి నిలబెట్టకండి. గంటలో నిలబడాలి, రెండు గంటల్లో పాలు తాగాలి, మూడు గంటల్లో తల్లికి మాయ పడాలి. 1970 మార్చి 30న అర్ధరాత్రి దాటాక వర్జీనియాలో పుట్టిన సెక్రటేరియట్ 45 నిమిషాల్లోనే నిలబడింది.

గుర్రాల్లో రోగనిరోధక శక్తి మాయ ద్వారా పిల్లకు చేరదు. ముర్రుపాలే దిక్కు, అవి ఒంటబట్టే గుణం ఒక రోజులో పోతుంది. అందుకే మర్నాడు రక్తపరీక్ష చేయించి, పిల్లలో ఆ శక్తి తక్కువగా ఉంటే ప్లాస్మా (రక్తంలోని ద్రవభాగం) ఎక్కించాలి.

తర్వాతి నెలల్లో పచ్చిక, పరుగు, నెలనెలా గిట్టలు సరిచేయడం ఉంటే చాలు. త్వరగా బలుస్తుందని దాణా అతిగా పెడితే కీళ్ల దగ్గర ఎదిగే ఎముక దెబ్బతింటుంది. నాలుగు నుంచి ఆరు నెలల మధ్య, తోటి పిల్లలతో కలిపి పాలు మాన్పించాలి.

ఏడాదిన్నరకు కళ్లెం, పొడవాటి పగ్గాలు, జీను అలవాటు చేసి, మొదట మనిషిని వీపు మీద అడ్డంగా పడుకోబెట్టి తర్వాతే కూర్చోబెట్టాలి. మోకాళ్ల ఎక్స్‌రేలో ఎదుగుదల పొర (ఎముక పెరిగే మెత్తని భాగం) మూసుకోకపోతే గట్టి పరుగు పెట్టించకండి. రెండేళ్ల వయసు మొదట్లో సెక్రటేరియట్ కూడా బొద్దుగా, తడబడుతూ ఉండేది; శిక్షకుడు లూసియన్ లారిన్ దాన్ని 1972 జూలై 4న గానీ న్యూయార్క్‌లోని ఆక్విడక్ట్ మైదానంలో పందేనికి దింపలేదు. మొదట్లోనే మరో గుర్రం ఢీకొట్టడంతో ఆ రోజు నాలుగో స్థానంతో సరిపెట్టుకుంది. 11 రోజుల తర్వాత అదే మైదానంలో 6 నిడివుల తేడాతో గెలిచింది.