ఒకే కథ ఆడచేత, మగచేత: పక్కపక్కన పెట్టి చదవడం ఎలా

రాసినవారు ఆడా మగా అన్నది కథ చూపును ఎలా మారుస్తుందో తేల్చాలంటే వేరువేరు కథలు తీసుకుంటే లాభం లేదు. ఒకే కథ రెండు చేతుల్లోంచి రావాలి. సిండ్రెల్లాతో మొదలుపెట్టండి. ఫ్రెంచి రచయిత షార్ల్ పెరో 1697లో అచ్చువేసినది ఒకటి, ఆ కాలంలోనే ఫ్రెంచి రచయిత్రి మదాం దోల్న్వా రాసిన ‘ఫినెట్ సాండ్రోన్’ ఇంకొకటి. పిల్లల కోసం కుదించిన పుస్తకాలు వద్దు. మనం వెతికేదే వాటిలో ముందు ఎగిరిపోతుంది.

రచయిత పేరు మీద కాగితం అంటించి చదవండి. పిల్ల తానై చేసిన పనుల కింద ఎర్రగీత, ఆమెకు జరిగినవాటి కింద నీలంగీత. పెరో కథలో నీలమే ఎక్కువ. అలాగని ఎరుపు లేకపోలేదు: బండివాడు దొరక్కపోతే, ఎలుకబోనులో పందికొక్కు పడిందేమో చూసొస్తానని చెప్పేది సిండ్రెల్లాయే. ఫినెట్ మాత్రం రాక్షసుణ్ణి పొయ్యిలోకి తోసి, తల దువ్వుతానని కూర్చోబెట్టి రాక్షసి తల నరుకుతుంది. ముగింపు ఇంకా తేడా. సిండ్రెల్లా అక్కల్ని క్షమించి పెద్దింటి సంబంధాలు చూస్తుంది. ఫినెట్ తన తండ్రి రాజ్యం తిరిగిచ్చేదాకా పెళ్లికి ఒప్పుకోదు.

ఇక్కడే చాలామంది తొందరపడతారు. 1756లో ‘అందగత్తె, మృగం’ కథను కుదించి రాసిన మదాం ద బోమాన్ ఆడమనిషే, కానీ ఆడపిల్లలకు అణకువ నేర్పడమే ఆమె పని. జర్మన్ కథలు సేకరించిన గ్రిమ్ సోదరులు మగవాళ్లు, వారికి కథలు చెప్పినవాళ్లలో ఎక్కువమంది ఆడవాళ్లు. వారి 1812 అచ్చులో స్నోవైట్ మీద అసూయపడేది కన్నతల్లి. 1819 నాటికి సవతితల్లి అయింది. ‘నా బట్టలు బిగుతవుతున్నాయేం’ అని రపంజెల్ అడిగిన మాట ఆమె కడుపుతో ఉందని చెప్పేది, దాన్నీ తర్వాత తీసేశారు. అందుకే చెప్పినవారు, రాసినవారు, దిద్దినవారు అని మూడు గళ్లు గీసుకోండి.

ఇంటి కథలతోనూ చేయొచ్చు. కోనసీమలోనో భీమవరం వైపో అయితే దాళ్వా కోతలయ్యాక అడగండి, అప్పుడు మనుషులకు తీరిక. అమ్మమ్మ కొబ్బరీనెలు తీస్తూ చెప్పే కథనే తాతయ్యనూ అడగండి, విడివిడిగా. ఎదురెదురుగా కూర్చోబెడితే ‘అలా కాదండీ’ అంటూ ఒకరి కథ ఇంకొకరిలో కలిసిపోతుంది. ఫోను పీట మీద మూరెడు దూరంలో పెట్టి, ఫ్యాను ఆపేయండి. చివర్లో ‘మీకెవరు చెప్పారు?’ అని తప్పక అడగండి. తాతయ్య కథ వాళ్లమ్మ చెప్పిందే అయితే గడి మారుతుంది.

తెలుగు అనువాదంలో చదివేటప్పుడు క్రియలు గమనించండి. మన భాషలో యువరాణీ వచ్చింది, ఎలుకా వచ్చింది, రాకుమారుడే వచ్చాడు. మృగాన్ని మొదటి పేజీ నుంచే ‘వచ్చాడు’ అన్నారంటే ఆ చూపు ఫ్రెంచి రచయిత్రిది కాదు, అనువదించినవారిది.