కనుమ ఎక్కుతుంటే గేరు గెంతుతోందా? స్క్రూ తిప్పకండి, ముందు సైకిల్ వెనక నిలబడి చూడండి

ఏటి పక్కన చదును దారిలో మూడు రోజులు తొక్కుతారు, గేర్లు చక్కగా పడతాయి. తర్వాత ద్రాక్షతోటల మధ్య చిన్న చిన్న ఎత్తుపల్లాల్లో అప్పుడప్పుడు టిక్కు టిక్కుమంటుంది, దుమ్మేమో అనుకుని వదిలేస్తారు. అసలు కనుమ దారి మొదలై, ఒంటి బరువంతా పెడల్ మీద వేసి తొక్కేసరికి చైన్ దానంతటదే పక్క పళ్ళచక్రం మీదకు గెంతుతుంది. లేదా అన్నిటికన్నా పెద్ద పళ్ళచక్రం మీదకు వెళ్ళగానే వెనక స్పోకులకు ఏదో తగులుతున్నట్టు టింగ్ టింగ్‌మని వినిపిస్తుంది.

ఈ లక్షణాలతో నా చేతికి వచ్చిన సైకిళ్ళలో చాలావాటికి అప్పటికే బ్యారెల్ అడ్జస్టర్ (గేరు వైరు బిగువు మార్చే మర), లిమిట్ స్క్రూలు (చైన్ చివరి పళ్ళచక్రాలు దాటి పోకుండా ఆపేవి) ఇష్టమొచ్చినట్టు తిప్పేసి ఉంటాయి. దయచేసి అలా చేయకండి. నిన్నటి దాకా సరిగ్గా ఉన్న సెట్టింగ్ రాత్రికి రాత్రి దానంతటదే మారదు. ఏదో ఒకటి కదిలింది, లేదా వంగింది. అదేమిటో తేలకుండా స్క్రూ తిప్పితే అసలు తప్పు కనిపించకుండా పోతుంది.

మొదట వెనక చక్రం. రైల్లోనో కారులోనో వేయడానికి చక్రం ఊడదీసి మళ్ళీ బిగించారా? క్విక్ రిలీజ్ (చేతి పిడితో బిగించే రకం) అయితే వదులు చేసి, సైకిల్‌ను నేల మీద నిటారుగా నిలబెట్టి, సీటు మీద చేత్తో అదిమిపట్టి, అప్పుడు బిగించండి. స్టాండ్ మీదో, తలకిందులుగా పెట్టో బిగిస్తే చక్రం ఒక పక్కకు కొద్దిగా జారి ఉండిపోవచ్చు. ఒక్క నిమిషం పని. ఇది చేయకుండా గంటసేపు గేర్లతో కుస్తీ పట్టినవాళ్ళను ఎంతమందిని చూశానో.

చక్రం సరిగ్గానే కూర్చుందంటే, ఇక నేను బాగా దెబ్బతిన్న విషయం: డిరైలర్ హ్యాంగర్.

చైన్‌ను ఒక పళ్ళచక్రం నుంచి ఇంకోదాని మీదకు జరిపే భాగం వెనక డిరైలర్. చాలా సైకిళ్ళలో అది ఫ్రేమ్‌కు నేరుగా బిగించి ఉండదు. మధ్యలో చిన్న అల్యూమినియం ముక్క ఉంటుంది, అదే హ్యాంగర్. దాన్ని కావాలనే మెత్తగా చేస్తారు, దెబ్బ తగిలితే అది వంగాలి గానీ ఫ్రేమ్ పాడవకూడదని. అందుకే అది వంగడానికి పెద్ద ప్రమాదం ఏమీ అక్కర్లేదు. గోడకు ఆనించిన సైకిల్ కుడిపక్కకు పడినా, బ్యాగులో పెట్టినప్పుడు దాని మీద ఇంకో సామాను ఒరిగినా చాలు. పైకి గీత కూడా పడకపోవచ్చు. 11 గేర్ల క్యాసెట్‌లో (వెనక పళ్ళచక్రాల గుత్తిలో) ఒక పళ్ళచక్రానికీ పక్కదానికీ మధ్య దూరం నాలుగు మిల్లీమీటర్ల లోపే కాబట్టి, హ్యాంగర్ కంటికి ఆనీ ఆననంత వంగినా గేర్ల లెక్క తప్పుతుంది.

ఇది మోసం చేసేది ఎక్కడంటే, చదునులో మనం వాడేవి మధ్య గేర్లే. బ్యారెల్ అడ్జస్టర్ డిరైలర్‌ను మొత్తంగా లోపలికో బయటికో జరుపుతుంది అంతే, వంకరను తీయలేదు. కాబట్టి మధ్య గేర్లకు సరిచేస్తే ఒక చివర తప్పుతుంది, ఆ చివర సరిచేస్తే ఈ చివర తప్పుతుంది. ఎంత తిప్పినా రెండు చివరలూ ఒకేసారి కుదరడం లేదంటే నా మొదటి అనుమానం హ్యాంగర్ మీదే. పైగా అది సాధారణంగా లోపలికే, అంటే స్పోకుల వైపే వంగుతుంది. డిరైలర్ స్పోకుల్లోకి వెళ్ళకుండా ఆపాల్సిన లో లిమిట్ స్క్రూను హ్యాంగర్ నిటారుగా ఉన్నప్పుడు సెట్ చేశారు. ఇప్పుడు డిరైలర్ మొత్తం లోపలికి ఒరిగిపోయింది కాబట్టి ఆ స్క్రూ ఇచ్చే రక్షణ పోయినట్టే, ఆ సంగతి మీకు తెలియదు.

నాకు ఇది తెలిసివచ్చింది ఫ్రాన్స్‌లో, రోన్ నది మైదానం నుంచి మోన్ వాంటూ కొండ మీదకు వెళ్తున్నప్పుడు. సైకిల్ బ్యాగులో వచ్చింది. బిగించాక స్టాండ్ మీద చేత్తో పెడల్ తిప్పి చూశాను, అన్ని గేర్లూ పడ్డాయి. నది పక్కన చదునులో రెండు రోజులు ఏ చప్పుడూ లేదు. బెడ్వాన్ ఊరి నుంచి ఎక్కే దారి ఇరవై ఒక్క కిలోమీటర్లు ఉంటుంది. మొదటి ఐదారు కిలోమీటర్లు ద్రాక్షతోటల మధ్య నెమ్మదిగా లేస్తుంది. తర్వాత ఒక మలుపు తిరగగానే అడవి, అక్కడి నుంచి దాదాపు పది కిలోమీటర్లు సగటున 9 శాతం వాలు. ఆ మలుపులోనే ఆ ప్రయాణంలో మొదటిసారి అన్నిటికన్నా పెద్ద పళ్ళచక్రం మీదకు బరువు మీద గేరు వేశాను. డిరైలర్ స్పోకుల్లో ఇరుక్కుంది. హ్యాంగర్ విరిగింది, డిరైలర్ పంజరం (దాని రెండు చిన్న చక్రాలను పట్టుకునే చట్రం) మెలి తిరిగింది, రెండు స్పోకులు తెగాయి. స్టాండ్ మీద పని చేసిందే బరువు మీద ఎందుకు చేయలేదంటే, గట్టిగా తొక్కినప్పుడు చక్రం, ఫ్రేమ్ కూడా కొద్దిగా వంగుతాయి. స్టాండ్ మీద మిగిలి ఉన్న ఆ ఒకటి రెండు మిల్లీమీటర్ల సందు అక్కడ మాయమవుతుంది. వేగంగా వెళ్తున్నప్పుడు ఇదే జరిగి ఉంటే వెనక చక్రం ఒక్కసారిగా బిగుసుకుపోయేది.

పరీక్ష చాలా సులువు. సైకిల్ వెనక రెండడుగుల దూరంలో మోకాళ్ళ మీద కూర్చోండి. చైన్‌ను మధ్య పళ్ళచక్రం మీద పెట్టండి. డిరైలర్‌లోని రెండు చిన్న చక్రాలూ, పైన ఉన్న పళ్ళచక్రం, ఒకే నిలువు గీతలో కనిపించాలి. కింది చిన్న చక్రం స్పోకుల వైపు ఒరిగి ఉంటే హ్యాంగర్ వంగినట్టే, లేదంటే డిరైలర్ పంజరమే వంగి ఉండొచ్చు. ప్రయాణం మొదట్లో, ఇంకా సైకిల్ పడిన ప్రతిసారీ, ఇది చూడండి. అలాగే కొండ దగ్గరికి చేరే లోపే, చదునులో నెమ్మదిగా వెళ్తూ, పెద్ద పళ్ళచక్రం దాకా ఒకసారి గేర్లు వేసి చూడండి. చప్పుడు వస్తే అక్కడే దిగి చూసుకోవచ్చు.

సరిచేయడానికి హ్యాంగర్ అలైన్‌మెంట్ గేజ్ కావాలి. డిరైలర్ తీసి, ఆ మరలోనే గేజ్ బిగించి, రిమ్‌కూ గేజ్ మొనకూ మధ్య సందును పైన, కింద, ముందు, వెనక నాలుగు చోట్ల పోల్చాలి. ఎక్కువ తక్కువల తేడా నాలుగు మిల్లీమీటర్ల లోపు ఉంటే సరిపోతుంది, నేను రెండు దాకా తెస్తాను. చాలామంది ఇక్కడ చేసే తప్పు, చక్రాన్ని కదపకుండా గేజ్‌ను మాత్రమే తిప్పడం. రిమ్ కొంచెం వంకరగా ఉంటే కొలత అంతా తప్పుతుంది. ట్యూబు వాల్వ్‌ను గుర్తుగా పెట్టుకుని, గేజ్ ఎక్కడికి వెళ్తే వాల్వ్‌ను అక్కడికి తిప్పండి, అప్పుడు ప్రతిసారీ రిమ్ మీద ఒకే చోటు నుంచి కొలిచినట్టు అవుతుంది. వంచేటప్పుడు కొంచెం కొంచెంగా, ఒకేసారి లాగేయకుండా. అల్యూమినియం ఒకటి రెండుసార్లు ఓర్చుకుంటుంది, ఆ తర్వాత పగులుతుంది. ఇది అయ్యాకే లిమిట్ స్క్రూలు, ఆ తర్వాతే బ్యారెల్ అడ్జస్టర్. ఈ వరుస మార్చకండి.

దారి మధ్యలో గేజ్ ఉండదు కదా. అప్పుడు లో లిమిట్ స్క్రూను లోపలికి తిప్పి, పెద్ద పళ్ళచక్రం మీదకు గేరు వెళ్ళనే వెళ్ళకుండా ఆపేయండి. ఒక సులువు గేరు పోతుంది, కాళ్ళు మండుతాయి, తప్పనిసరైతే దిగి నడవండి, చక్రం మాత్రం మిగులుతుంది. ఇంకా మంచిది, మీ ఫ్రేమ్‌కు సరిపోయే హ్యాంగర్ ఒకటి సీటు కింద సంచిలో పెట్టుకోండి, అరచేతిలో పట్టేంతే ఉంటుంది. ఒక్కో ఫ్రేమ్‌కు ఒక్కో ఆకారం కాబట్టి దారిలో ఊరి దుకాణంలో దొరుకుతుందని నమ్మకండి. 2019లో వచ్చిన యూడీహెచ్ (యూనివర్సల్ డిరైలర్ హ్యాంగర్) రకం ఫ్రేమ్ అయితే ఈ తిప్పలు తక్కువ, అన్నిటికీ ఒకటే హ్యాంగర్. కొత్త హ్యాంగర్ బిగించినా గేజ్‌తో చూడాల్సిందే, కొత్తది కదా అని నిటారుగా ఉంటుందన్న భరోసా లేదు.

హ్యాంగర్ నిటారుగానే ఉంటే మిగిలినవి త్వరగా చూసేయొచ్చు. బరువు వేసినప్పుడల్లా ఒకే పళ్ళచక్రం మీద జారుతోందంటే చైన్, క్యాసెట్ అరిగాయి. కొలిచే పరికరం పెట్టి చూడండి, 11, 12 గేర్ల చైన్ 0.5 శాతం సాగితే మార్చాలి. పెడల్ తొక్కుతుంటే సరిగ్గా ఒకే విరామంతో గెంతుతుంటే చైన్‌లో ఒక లింకు బిగుసుకుని ఉంటుంది, వెనక్కి మెల్లగా తిప్పితే ఎక్కడ ఎగురుతోందో కనిపిస్తుంది. వారం వారం గేరు పడటం మందగిస్తూ వస్తే గేరు మార్చే లివర్ లోపల వైరు పోగులు తెగుతున్నాయి, పూర్తిగా తెగక ముందే మార్చేయండి, తెగాక ఆ ముక్కలు లోపలి నుంచి తీయడం నరకం. క్యాసెట్‌ను పట్టి ఉంచే లాక్‌రింగ్ వదులు కావడం, క్యాసెట్ కూర్చునే ఫ్రీహబ్ పాడవడం చాలా అరుదు, వాటితో మొదలుపెట్టకండి.

తిరుగు ప్రయాణంలో సైకిల్‌ను బ్యాగులో పెట్టేటప్పుడు 5 మిల్లీమీటర్ల అలెన్ కీతో డిరైలర్‌ను హ్యాంగర్ నుంచి విప్పి, గుడ్డ చుట్టి, ఫ్రేమ్ లోపలి వైపుకు కట్టేయండి. వైరు విప్పక్కర్లేదు.